చిన్నోడి ఒంటి వాసన

మా తోడికోడలు నలభై ఆరో ఏట కుక్కలకు క్షవరం చెయ్యడం మొదలుపెట్టింది. ఇలా రాస్తే ఆమె ఊరుకోదు. "క్షవరం ఒక్కటేనా అక్కా? స్నానం, దువ్వడం, గోళ్ళు, చెవులు, అన్నీ ఉంటాయి. కత్తిరించడం అన్నిటికన్నా ఆఖరి పని" అంటుంది. కానీ ఆమె మొగుడు, అంటే మా మరిది, వీధంతా తిరిగి చెప్పింది ఈ మాటే కాబట్టి అందరికీ అదే నిలిచిపోయింది.

అంతకు ముందు ఆమె ఆడవాళ్ళ బ్యూటీ పార్లర్‌లో జుట్టు కత్తిరించేది. మా ఇంటి కింద వాటాలో వాళ్ళు, పై గదిలో నేను. మా ఆయన పోయాక నాకు పుస్తకాలూ ఆ గదీ మిగిలాయి, వాటితో నాకేమీ లోటు లేదు. ఆమెకు మాత్రం చుట్టూ జనం ఉండాలి. పార్లర్‌లో ఆమె కత్తెరా నోరూ కలిసే ఆడేవి. ఎవరి కోడలు ఏమందో, ఎవరి అబ్బాయికి ఏ ఉద్యోగం వచ్చిందో వినడానికే సగంమంది వచ్చేవాళ్ళు. వీధిలో ఆమె పేరు కత్తెరమ్మ.

పార్లర్ చేతులు మారింది. కొత్త యజమానురాలు మర్యాదగానే చెప్పింది, తమకు కొంచెం చిన్నవయసు వాళ్ళు కావాలని. ఆమె తన దువ్వెనలూ కత్తెరలూ ఒక సంచిలో వేసుకుని ఇంటికొచ్చింది. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరి తలకూ భద్రత లేకుండా పోయింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నా వెనక కూర్చుని, నా తలమీద మిగిలిన నాలుగు వెంట్రుకలనూ పాయలు తీసి దువ్వేది.

"వదినా, నీ తల నువ్వు కాపాడుకో. నాది చూడు, పట్టుకోవడానికేమీ దొరక్క వదిలేసింది" అనేవాడు మరిది, తన బట్టతల నిమురుకుంటూ.

అతను నవ్వించాలని అన్నా, ఆమె నవ్వేది కాదు. ఒకరోజు దువ్వుతూ దువ్వుతూ ఆగి, "చేతులకి పని లేకపోతే నాకు నేనే పరాయిదాన్ని అయినట్టుందక్కా" అంది. ఆ మాట నేనెక్కడా చదవలేదు.

మా వీధి చివర పశువుల డాక్టరమ్మ ఆసుపత్రి ఉండేది. ఒకరోజు పక్కింటావిడ తన కుక్కపిల్లకు సూది వేయించడానికి వెళుతూ తోడు రమ్మంటే మా తోడికోడలు వెళ్ళింది. సూది వేయించి పక్కింటావిడ తిరిగొచ్చేసింది గానీ ఈమె రాలేదు. చాలాసేపటికి వచ్చి, చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి చెప్పింది.

"వెనక గదిలో డ్రయ్యరు చప్పుడు వినిపించిందక్కా. ఆగలేక తొంగిచూశాను. కాంపౌండరు ఒక్కడే కుస్తీ పడుతున్నాడు. స్నానాలు చేయించే అమ్మాయి మానేసిందట. ఆ కుక్క చెవుల వెనక జుట్టు చిక్కుపడి ఉండకట్టుకుపోయింది. వేళ్ళతో విడదీసి ఇచ్చాను."

"ఇచ్చి?" అన్నాడు మరిది.

"రేపణ్ణించి రమ్మన్నారు."

అతను చదువుతున్న పేపరు మడిచాడు. "ఇన్నాళ్ళూ మనుషులకి చేశావు. ఇప్పుడు కుక్కలకా?"

"కుక్కలకైతే ఏమండీ? అద్దంలో చూసుకుని మొహం మాడ్చుకోవు. పక్కింటావిడకి బాగా చేశావు, నాకెందుకు చెయ్యలేదనీ అడగవు."

"కరుస్తాయి."

"మీ అక్కయ్యగారితో పాతికేళ్ళు నెగ్గుకొచ్చాను" అంది. మరిది మళ్ళీ పేపరు విప్పుకున్నాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి గానీ, పేపరు వెనక నవ్వుతున్నాడని భుజాలు చెబుతూనే ఉన్నాయి.

డాక్టరమ్మ ముందే ఖచ్చితంగా చెప్పిందట. "ఒక నెల చూద్దామండీ. కుక్కల్ని తెచ్చినవాళ్ళు మళ్ళీ మీ దగ్గరికే తెస్తే ఉండండి. లేకపోతే ఏమీ అనుకోవద్దు." అందులో తప్పేముంది. కానీ ఆ నెల మా ఇంట్లో అందరం ఊపిరి బిగబట్టుకునే గడిపాం. ఇది కూడా పోతే ఇక ఆమె మరో గడప తొక్కదని మరిదికీ తెలుసు, నాకూ తెలుసు. మేమా సంగతి పైకి అనుకోలేదు.

మొదట్లో ఆమెకు అడ్డం పడింది రానితనం కాదు, బాగా వచ్చిన పనే. పార్లర్‌లో కత్తిరించేవాళ్ళు మనిషి వెనక నిలబడతారు, ఎదురుగా అద్దంలో చూసి మాట్లాడతారు. ఆమె కుక్కను బల్లమీద నిలబెట్టి, అలవాటు ప్రకారం వెనక్కి వెళ్ళి, గోడకేసి చూస్తూ కబుర్లు మొదలుపెట్టేది. గోడకు అద్దం లేదు. వెనకనుంచి ఎవరో తోక దగ్గర చెయ్యి వేస్తే ఏ కుక్క మాత్రం ఊరుకుంటుంది? రెండోరోజునే మణికట్టు మీద పళ్ళ గాట్లతో ఇంటికొచ్చింది.

కాంపౌండరు తక్కువ మాట్లాడే మనిషి. "ముందు నిలబడండి. మీ చెయ్యి ఎక్కడుందో దానికి తెలియాలి. ఒక చెయ్యి ఒంటిమీంచి తియ్యకుండా రెండోదాంతో పని చెయ్యండి" అని మాత్రం చెప్పాడు. ఆమె ఇంటికొచ్చి అది నామీద సాధన చేసింది. ఎడమచెయ్యి నా భుజం మీద ఆనించి, కుడిచేత్తో దువ్వుతూ, "భయంగా ఉందా అక్కా?" అని అడిగేది. లేదనే చెప్పాను. నిజానికి చాలా హాయిగా ఉండేది.

అయినా ఒకరోజు ఒక కుక్క గోరు లోపలికంటా కత్తిరించేసింది. గోరులో రక్తనాళం ఉంటుందని తెలుసు గానీ, నల్లటి గోళ్ళలో అది పైకి కనిపించదు. రక్తం కాస్తే వచ్చింది, ఆ కుక్క యజమాని మాత్రం ఆసుపత్రి కప్పు ఎగిరిపోయేలా అరిచాడు. డాక్టరమ్మ అతన్ని సముదాయించి పంపి, ఈమెతో, "ఇలాంటిది ఇంకొకటి వస్తే నాకు కష్టమండీ" అంది. ఆ రాత్రి తోడికోడలు ఏ కబురూ చెప్పకుండా తిని పడుకుంది.

అలా ఉండగా డ్రైవరు గారు వచ్చాడు.

ఆయన బస్సు నడిపి రిటైరైన మనిషి. భార్య లేదు. రెండు కుక్కలతో ఉంటాడు. పెద్దోడు నల్లది, బాగా ముసలిది. కళ్ళు రెండూ పాలు పోసినట్టు తెల్లబడి చూపు పోయింది. చిన్నోడు బొచ్చుకుక్క. ఆయన ఆ రోజు చిన్నోణ్ణి ఒక్కణ్ణే తెచ్చాడు. వాడి బొచ్చంతా అట్టకట్టి, చాప కప్పుకున్నట్టుందట. దువ్వి విడదీయబోతే వాడికి నరకం. మిషనుతో కురచగా తీసెయ్యడమే దారి అని కాంపౌండరు చెప్పి, వేరే పనిమీద బయటికి వెళ్ళాడు.

ఆ రోజు ఆమె చేసిన పని ఆమె అంతవరకు చేసినవాటన్నిట్లోకీ గొప్పదట. ఒక్క గాటు పడకుండా బొచ్చంతా తీసింది. రెండుసార్లు షాంపూ పెట్టింది. ఆరబెట్టి, దువ్వి, మూతి చుట్టూ గుండ్రంగా సర్దింది. ఇంకా ఏదో తక్కువైందనిపించింది. పార్లర్‌లో తల పూర్తయ్యాక ఆఖర్న ఒక సువాసన నీళ్ళు చల్లి పంపడం వాళ్ళ పద్ధతి. ఆ సీసా ఆమె సంచిలో ఉంది. అది చిన్నోడి వీపు మీద, మెడ మీద, చెవుల కింద ధారాళంగా చల్లింది.

"బయటికి వెళ్ళినవాళ్ళని చూసి, ఎక్కడ చేయించుకున్నావని నలుగురూ అడగాలి కదక్కా" అంది నాతో సాయంత్రం. "డ్రైవరు గారు గుర్తే పట్టలేదు. వీడు మా వాడేనా అని రెండుసార్లు అడిగాడు." చాలా రోజుల తర్వాత ఆమె మొహంలో వెలుగు చూశాను. మరిది కూడా ఆ పూట వేళాకోళం మానుకున్నాడు.

మర్నాడు పొద్దున ఆమె ఆసుపత్రి గేటు తీస్తుంటే డ్రైవరు గారు అప్పటికే వచ్చి ఉన్నాడు.

"మీరు తప్పు చేశారని చెప్పడానికి రాలేదమ్మా" అన్నాడట. "పెద్దోడు నిన్న సాయంత్రం నుంచి తిండి ముట్టలేదు. చిన్నోణ్ణి దగ్గరికి రానివ్వడం లేదు. ఏం చెయ్యాలో అడుగుదామని."

డాక్టరమ్మ ఆ రోజు పక్క ఊళ్ళో పశువుల శిబిరానికి వెళ్ళింది, సాయంత్రం గానీ రాదు. తోడికోడలు కాంపౌండరు వైపు చూసింది. అతను, "వెళ్ళి చూడండి. డాక్టరమ్మగారికి నేనేమీ చెప్పను. మీరే చెప్పుకోండి" అన్నాడు.

ఆమె నేరుగా నా గదికి వచ్చింది. చదువుతున్న పుస్తకం నా చేతిలోంచి తీసి, గుర్తుకు కాగితం ముక్క కూడా పెట్టకుండా మూసేసింది.

"లే అక్కా. నాతో రా."

"నేనెందుకే? నాకు కుక్కల సంగతి ఏం తెలుసు?"

"ఏమీ తెలియక్కర్లేదు. నువ్వు పక్కనుంటే నేను తక్కువ మాట్లాడతాను."

ఆ రోజు ఆమె నన్ను ఆ కుర్చీలోంచి లేపినందుకు ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటూ ఉంటాను.

డ్రైవరు గారిది రెండు గదుల ఇల్లు. ముందు సిమెంటు వాకిలి, మూల కుళాయి, మేడమెట్ల కింద కుక్కలు పడుకునే చోటు. అక్కడ ఆయన పాత ఖాకీ చొక్కా పరిచి ఉంది. చిన్నోణ్ణి వరండా స్తంభానికి కట్టేశాడు. వాడు సన్నగా మూలుగుతున్నాడు. పెద్దోడు ఎదురు మూలలో, మొహం గోడవైపు పెట్టి నిలబడి ఉన్నాడు. ముక్కు మీద కొత్తగా గీరుకుపోయిన గాయం.

"పెద్దోడు చిన్నోడి పక్కటెముకలకి మూతి ఆనించి నడిచేవాడమ్మా" అన్నాడు డ్రైవరు గారు. "నీళ్ళ గిన్నె దాకా, గేటు దాకా, వీడెటు పోతే వాడూ అటే. నిన్న వీడు పక్కకి వెళితే పళ్ళు చూపించాడు. కొత్త కుక్క ఏదో ఇంట్లో దూరిందనుకుంటున్నాడు. పొద్దున ఒక్కడే నడవబోయి మెట్టుకి కొట్టుకున్నాడు."

మా తోడికోడలు, "అయ్యో నాయనా" అంటూ వెళ్ళి చెయ్యి చాచింది. పెద్దోడు ముక్కు ముందుకు సాచి ఆ చేతిని వాసన చూశాడు. వెంటనే వెనక్కి తగ్గి గుర్రుమన్నాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని, తన ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఆ సీసా వాసనే అక్కా" అంది నెమ్మదిగా. "నా చేతులకి ఇంకా పోలేదు. వీడికి చిన్నోడంటే కనబడేది కాదు కదా, వాసనే కదా. నేను బొచ్చుతో పాటు అదీ గొరిగి పారేశాను. పైన ఇంకోడి వాసన పూశాను."

అప్పుడు డ్రైవరు గారు ఒక్క కోపపు మాట అన్నా ఆమె అక్కడే కూలబడిపోయేదని నాకనిపించింది. ఆయన లోపలికి వెళ్ళి బకెట్టు తెచ్చి కుళాయి కింద పెట్టాడు.

ఆమె ముందు తన చేతులు మోచేతుల దాకా మట్టితో తోముకుంది. తర్వాత చిన్నోణ్ణి కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి, సబ్బూ షాంపూ ఏదీ లేకుండా ఉత్త నీళ్ళతో, వేళ్ళతో రుద్ది రుద్ది కడిగింది. వాసన చూసేది, మళ్ళీ కడిగేది. నన్ను కూడా చూడమంది. పుట్టి బుద్ధెరిగాక నేనొక కుక్క మెడలో ముక్కు పెట్టడం అదే మొదలు. ఇంకా కొంచెం ఉందని చెప్పాను. ఇంకోసారి కడిగింది.

వాణ్ణి ఆరనిచ్చి, మెట్ల కింద ఖాకీ చొక్కా తెమ్మంది. దాన్ని వాడికి చుట్టి, బొచ్చుకి ఎదురుగా రుద్దడం మొదలుపెట్టింది. చెవుల వెనక, పొట్ట కింద, కాలివేళ్ళ మధ్య. ఎడమచెయ్యి వాడి ఒంటిమీంచి ఒక్కసారి కూడా తియ్యలేదు. వాడు మూలగడం ఆపి, ఆ చొక్కాలో తల దాచుకున్నాడు.

"తాడు విప్పెయ్యండి" అంది డ్రైవరు గారితో. "మీరు వాణ్ణీ పిలవకండి, వీణ్ణీ పిలవకండి. మనం ముగ్గురం ఊరికే కూర్చుందాం."

"ఎంతసేపు?"

"నాకు తెలియదండీ. ఇదివరకెప్పుడూ చెయ్యలేదు."

ఆయన మెట్టుమీద, నేను వరండాలో కుర్చీలో, ఆమె నేలమీద కూర్చున్నాం. చిన్నోడు నాలుగడుగులు వేసి, పెద్దోడికి దూరంగా నేలకి కరుచుకుని పడుకున్నాడు. పెద్దోడు మెడమీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. గుర్రుమన్నాడు. చిన్నోడు తల నేలకి ఆనించి ఆగిపోయాడు. కాసేపయ్యాక పొట్టమీద పాకుతూ ఇంకొంచెం దగ్గరికి జరిగాడు.

"నా ఉద్యోగంలో బస్సు రెండు నిమిషాలు ఆగితే జనం తలుపులు బాదేవాళ్ళు" అన్నాడు డ్రైవరు గారు గొంతు తగ్గించి. "ఇలా ఊరికే కూర్చోడం నాకు చేతకాదమ్మా."

"నాకూ చేతకాదండీ" అంది ఆమె. ఆడపడుచు మీద, పక్కింటావిడ మీద, లోకంలో ఎవరిమీదైనా సరే గుక్క తిప్పుకోకుండా మాట్లాడగలిగిన మనిషి, ఆ మాట తర్వాత మరి మాట్లాడలేదు. పెదవులు మాత్రం కదులుతూనే ఉన్నాయి. ఏం చెప్పుకుందో నేనడగలేదు.

ఎండ వాకిలి దాటి గోడ ఎక్కింది. కుళాయి చుక్కలు చుక్కలుగా కారుతోంది. ఒకసారి పెద్దోడు మళ్ళీ గుర్రుమన్నాడు గానీ ఈసారి మొదట్లో ఉన్నంత జోరు లేదు. ముక్కు గాలిలోకి ఎత్తి అటూ ఇటూ తిప్పాడు. గోడ వదిలాడు. ఒక అడుగు వేసి, ఆగి, ఇంకొకటి వేశాడు. చిన్నోడి చెవికి వాడి ముక్కు తగిలింది. అక్కణ్ణించి మెడ, వీపు, తోక దాకా వెళ్ళి, మళ్ళీ చెవి దగ్గరికి వచ్చి, గట్టిగా ఒక తుమ్ము తుమ్మాడు. చిన్నోడు కదల్లేదు.

పెద్దోడు మూతి తెచ్చి వాడి పక్కటెముకల మీద ఆనించాడు.

కాసేపు ఇద్దరూ అలాగే ఉన్నారు. తర్వాత చిన్నోడు, తొందరపడకూడదని ఎవరో నేర్పినట్టు, మెల్లగా లేచి నీళ్ళ గిన్నె వైపు నడిచాడు. మూతి ఎత్తకుండా పెద్దోడు వెనకే వెళ్ళాడు. ఆ ముసలాడు నీళ్ళు తాగుతున్న చప్పుడు వాకిలంతా వినబడింది. మా తోడికోడలు మోచేత్తో కళ్ళు తుడుచుకుంది.

"ఇప్పుడు మాట్లాడొచ్చామ్మా?" అన్నాడు డ్రైవరు గారు.

"మాట్లాడొచ్చండీ" అంది ఆమె. ఆయన లేచి మాకు టీ పెట్టి తెచ్చాడు. చక్కెర వెయ్యడం మరిచిపోయాడు. ఆమె గ్లాసు ఆఖరి చుక్క దాకా తాగి, "చాలా బాగుందండీ" అంది. అబద్ధం ఆడినట్టు అనిపించలేదు నాకు.

సాయంత్రం ఆమె డాక్టరమ్మ కోసం ఆసుపత్రిలోనే ఎదురుచూసింది. సంచి కూడా సర్దుకుని పెట్టుకుంది. సీసా సంగతీ, పెద్దోడి సంగతీ దాచకుండా చెప్పి, "ఇంకొకటి వస్తే కష్టమన్నారు కదా డాక్టరమ్మగారూ. వచ్చింది" అంది.

డాక్టరమ్మ ప్రయాణంలో అలిసిపోయి, కుర్చీలో వెనక్కి వాలి వింది. "ఆ ఇంట్లో రెండోది ఉందని నాకు తెలుసు. దానికి చూపు లేదనీ తెలుసు. వైద్యం చేసింది నేనే" అంది. "మీకు చెప్పాలని తట్టలేదు. మరి ఇకముందు ఏం చేద్దామంటారు?"

"సువాసనలు మానేద్దామండీ. వచ్చేవాళ్ళని ఇంట్లో కుక్క పడుకునే బట్ట ఒకటి తెచ్చుకోమందాం. స్నానమయ్యాక ఆఖరి తుడుపు దాంతోనే తుడిచి పంపుదాం."

"రేపణ్ణించి అలాగే చెయ్యండి" అంది డాక్టరమ్మ. రేపణ్ణించి అన్న ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె ఇంటికి పరిగెత్తుకొచ్చింది. మరిది ఆ మాట విని, తనకూ ఎవరైనా ఆఖరి తుడుపు తుడిస్తే బాగుండునన్నాడు. ఆమె నిజంగానే వంటింటి గుడ్డ తెచ్చి అతని బట్టతల తుడిచింది.

అప్పటినుంచి ఆ వెనక గదిలో కొక్కేల మీద పాత తువ్వాళ్ళూ, చిరిగిన చీరముక్కలూ, పసిపిల్లల దుప్పట్లూ వేలాడుతూ ఉండేవి. మొదట్లో నవ్వినవాళ్ళు కూడా తర్వాత తర్వాత అడగకుండానే తెచ్చేవాళ్ళు. ఎంతమంది మెచ్చుకున్నా ఆమె ఒకటే చెప్పేది, "నాకు ఈ పని నేర్పింది పెద్దోడండీ. వాళ్ళ నాన్న గేటు తీసి లోపలికి రానిచ్చాడు, అందుకని నేర్చుకోగలిగాను." ఆ గేటు మొహం మీదే వేసే హక్కు డ్రైవరు గారికుంది. ఆయన బకెట్టు తెచ్చిపెట్టాడు. నేనింత చదివాను గానీ, మనిషి మంచితనం తలుచుకున్నప్పుడు నాకు ఆ బకెట్టే కళ్ళముందు కనబడుతుంది.

ఆ నెల గడువు ముగిసే రోజుల్లో ఒకనాడు నేను ఆమెకు మధ్యాహ్నం భోజనం డబ్బా ఇవ్వడానికి ఆసుపత్రికి వెళ్ళాను. డ్రైవరు గారు గేట్లోంచి వస్తున్నాడు. ఈసారి ఇద్దర్నీ తెచ్చాడు. చిన్నోడు ముందు, వాడి పక్కన మూతి ఆనించి పెద్దోడు.

"చిన్నోడికి అప్పుడే బొచ్చు పెరిగిందా?" అంది ఆమె, ఆశ్చర్యంగా.

"వాడు ఊరికే తోడు వచ్చాడమ్మా. స్నానం పెద్దోడికి" అన్నాడు. "పుట్టాక డాక్టరమ్మ తప్ప పరాయివాళ్ళెవరూ వీడి మీద చెయ్యి వెయ్యలేదు. గోళ్ళు కూడా బాగా పెరిగాయి, చూడండి."

ఆమె వాడి ముందు నిలబడి, ఎడమచెయ్యి పెద్దోడి మెడమీద ఉంచి, వాడు వాసన చూసుకునేదాకా ఆగింది. డ్రైవరు గారు రెండు తాళ్ళూ ఆమె చేతికిచ్చి, ముందు గదిలో బల్లమీద నా పక్కన కూర్చున్నాడు. అక్కడున్న పేపరు తీసుకుని విప్పాడు. లోపల నీళ్ళ చప్పుడు మొదలైంది. ఆయన ఒక పేజీ చదివాడు, తిప్పి రెండో పేజీ చదివాడు. వెనక గది తలుపు సగం తెరిచే ఉంది. ఆయన ఒక్కసారి కూడా అటు తొంగిచూడలేదు.